సవరల గురువు గిడుగు రామమూర్తి

ఓరుగల్లు సీమలో రఘునాథపల్లి వంటి ఊళ్ల చెంత లంబాడీల తండాలు కలవు. ఆ తండాలలో పుట్టిన బిడ్డ తల్లిని పిలుచునది లంబాడీ భాషలో. ఆకలి చెప్పుకొనునది, తోడిపిల్లలతో జగడమాడునది కూడ ఆ భాషలోనే. ఐదేండ్లు నిండి బడికి పోయిన మొదటి దినమున ఆ బిడ్డ చెవిని బడునది తెలుగు. పంతులు చెప్పినది బిడ్డకు తెలియదు. బిడ్డ మౌనమునకు కారణము పంతులునకు తెలియదు. తెలియని భాషలో అడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేని పిల్లవానికి మందబుద్ధి యని పేరు పెట్టుట మాత్రము మిక్కిలి సులభము. ములుగు అడవులలోని కోయపిల్లలకును, ఉట్నూరు కొండలలోని గోండుపిల్లలకును ఇదే చిక్కు.

చాలకాలము వరకు బడులు దీనిని చిక్కుగానే గుర్తింపలేదు. లోపము పిల్లవానిదే అని పెద్దలు తలచిరి. అది బడిలోని లోపమని కనిపెట్టి, దానిని సరిదిద్దుటకు మొదట పిల్లవాని భాషను పరిశోధింపవలెనని గ్రహించి, ఆ పరిశోధనకు తన ధనమును, కాలమును, తుదకు తన వినికిడిని కూడ ధారపోసిన తెలుగు ఉపాధ్యాయుడొకడు ఉండెను. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయన పేరు తెలుగువారందరకు తెలియును. ఆ ఉద్యమమునకు పూర్వమే మొదలై, తుదివరకు దానితో పాటు సాగిన ఆయన సవర విద్యాకృషి మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

రామమూర్తి 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించెను. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయనకు చోడవరమునకు బదిలీ అయ్యెను. 1875లో తండ్రి జ్వరముతో మరణించెను. అప్పటికి బాలునకు పండ్రెండేండ్లు. పిమ్మట అతడు విజయనగరములో బంధువుల ఇంట నుండి మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదివెను. అచ్చట అతని సహాధ్యాయులలో గురజాడ అప్పారావు ఒకడు. ఒకే బడిలో చదివిన ఆ ఇద్దరు బాలురు తరువాతి కాలమున తెలుగు వచనమును మార్చివేయుదురని అప్పుడు ఎవరును ఊహించియుండరు.

1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణుడై, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో రామమూర్తి ఉపాధ్యాయుడుగా చేరెను. అప్పటికి ఆయన వయస్సు పదునేడేండ్లు. ఉద్యోగము చేయుచునే పై పరీక్షలకు చదివి పట్టభద్రుడయ్యెను. కాలక్రమమున ఆ పాఠశాల కళాశాలగా పెరిగెను. ఆయనయు అందులో చరిత్ర బోధించువాడయ్యెను.

చరిత్ర పాఠము చెప్పుటకు అచ్చుపుస్తకమొక్కటి చాలునని రామమూర్తి ఎన్నడును అనుకొనలేదు. ముఖలింగ దేవాలయములో శాసనములున్నవి. వాటి లిపి ప్రాచీనము. చదివి చెప్పువారు దగ్గరలో లేరు. ఆయన తానే పాత లిపులు నేర్చుకొని, ఆలయమునకు పోయి, శాసనములను ఒక్కొక్క అక్షరముగా చదివి నకలు తీసికొనెను. కళింగ గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ముఖలింగమేయని ఆధారములతో వాదించెను. గ్రంథములో ఏమున్నదని గాక వస్తువులో ఏమున్నదని చూచుట, చూచినది వ్రాసికొనుట, వ్రాసికొన్నదానిని మరల సరిచూచుకొనుట ఆయనకు ఈ శాసనముల వలననే అలవడెను. ఈ అలవాటే తరువాత వేరొక పనికి అక్కరకు వచ్చెను.

పర్లాకిమిడి పట్టణము వెనుక కొండలు వరుసగా లేచును. ఆ కొండలలో సవరలు నివసింతురు. పురాణములలో శబరులను పేరుతో వినవచ్చువారు వీరేయని పెద్దలందురు. కొండవాలులను మెట్లుమెట్లుగా చెక్కి, రాళ్లతో గట్లు పేర్చి, ఊటనీటిని ఒక మడి నుండి మరియొక మడికి దించి వరి పండించుటలో వారు ఆరితేరినవారు. ఇండ్లలోపలి గోడల మీద మనుష్యులు, ఏనుగులు, చెట్లు మొదలగు బొమ్మలతో చక్కని చిత్రములు వ్రాయుదురు. వారు సంతలకు అటవీద్రవ్యములను తెచ్చి అమ్ముదురు. కాని ఆనాడు బల్లకట్టున వ్రాత తెలిసినవాడు వారిలో లేడు. సంతలో వర్తకుడు వ్రాసిన లెక్క ఎంతయో అంతయే లెక్క. కచేరీలో గుమాస్తా వినిపించిన మాట ఏదియో అదియే చట్టము. రెండు భాషలు తెలిసిన మధ్యవర్తి నిజాయితీపరుడైననే వారికి న్యాయము, కానిచో లేదు.

వారికి చదువు చెప్పవలెనని రామమూర్తికి సంకల్పము కలిగెను. ఇట్టి సంకల్పము కలిగిన పరోపకారి మామూలుగా ఏమి చేయును? ఒక పాక వేయించి, తెలుగు వాచకమును, ఒక తెలుగు పంతులును అచ్చటికి పంపును. పిల్లలు రానిచో వారికి చదువుపై ఆసక్తి లేదని తేల్చి చేతులు కడుగుకొనును. రామమూర్తి అట్లు చేయలేదు. ముందుగా వారి భాషను తాను నేర్చుకొనవలెనని నిశ్చయించుకొనెను.

నేర్చుకొనుట ఎట్లు? ఆ భాషకు లిపి లేదు. తెలుగువాడు చదివి నేర్చుకొనదగిన నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. ఆయన తెలుగును సవరమును రెండును తెలిసిన ఒక వ్యక్తిని వెదకి, తన ఇంటనే ఉంచుకొని పోషించుచు అతనివద్ద నేర్చుకొనసాగెను. ఆ కాలమున ఒక సద్బ్రాహ్మణుని ఇంటిలో అట్టివానిని ఉంచుకొనుట సాధారణమైన విషయము కాదు. కళాశాలలో విద్యార్థులకు చరిత్ర చెప్పి ఇంటికి వచ్చిన పిదప పంతులు తానే విద్యార్థియై కూర్చుండును. నీటిని ఏమందురు, నీటిని త్రాగుటను ఏమందురు, నేను త్రాగితిని అనుటకును నీవు త్రాగితివి అనుటకును తేడా ఏమి అని అడుగును, విన్నది వ్రాసికొనును, తాను పలికి చూపును, తప్పైనచో మరల పలుకును. గురువు చదువురానివాడు, శిష్యుడు పట్టభద్రుడు. ఈ విడ్డూరము ఒకనాడుగాదు, సంవత్సరముల తరబడి సాగెను.

ఆయనకు ఆ భాషలో అడుగడుగునను ఆశ్చర్యములే ఎదురయ్యెను. సవరము తెలుగు వంటి ద్రావిడ భాష కాదు. ఒరియా వంటి ఆర్యభాషయు కాదు. సంతాలీ, ముండారీ మొదలగు ముండా భాషలకు అది తోబుట్టువు. అందు కొన్ని పలుకులలో గాలి గొంతులోనే తటాలున ఆగిపోవును. ఆ నిలుపుదల తెలుగు చెవికి పట్టదు, తెలుగు అక్షరమునకు అందదు. దానిని గుర్తింపకున్నచో మాటకు అర్థము మారిపోవును. తెలుగులో రెండు మూడు పదములు కలిపి చెప్పెడు భావమును సవర క్రియ తనలో నామమును ఇముడ్చుకొని ఒకే పదముగా చెప్పును. ఏది ధాతువు, ఏది నామము, ఏది ప్రత్యయము అని విడదీయుటకే ఎంతో ఓర్పు కావలెను.

అన్నిటికంటె వింతయైనది వారి లెక్క. మనము పది వరకు లెక్కించి, పదునొకటి మొదలు పదికి ఒకటి, రెండు చేర్చుకొనుచు పోదుము. సవరలు పండ్రెండు వరకు వేరువేరు పేర్లు చెప్పుదురు. పదుమూడు వారికి పండ్రెండు-ఒకటి. ఇరువదికి మరల ఒక పేరు కలదు. ముప్పదిమూడు అనవలసినచో ఇరువది-పండ్రెండు-ఒకటి అందురు. తొంబదిమూడు నాలుగిరువదులు-పండ్రెండు-ఒకటి. ఇందుకు వారిలో ఒక కథ చెప్పుకొందురు. పూర్వము కొందరు సవరలు పొలములో ధాన్యము కొలుచుచుండిరట. పండ్రెండు కొలతలు కొలిచినంతనే పులి వచ్చి మీదబడి వారిని తినివేసెనట. నాటినుండి పండ్రెండు దాటిన అంకెకు వేరు పేరు పెట్టుటకు వారు జంకిరట. కథ నవ్వు పుట్టించునదే. కాని ఆ పిల్లవాని మనస్సులో లెక్క పండ్రెండు దగ్గర మలుపు తిరుగుననునది నవ్వవలసిన విషయము కాదు. పదులతో ఎక్కములు వల్లింపజేయు పంతులు ఈ సంగతి ఎరుగనిచో, ఆ పిల్లవాడు ఎచ్చట తప్పుచున్నాడో ఎన్నటికిని తెలిసికొనలేడు. దీనిని ఎరిగినవాడు అదే పండ్రెండు నుండి మొదలుపెట్టి పిల్లవానిని పదులలోనికి నడిపించుకొని పోగలడు. పరిశోధన వలన బోధకునకు కలుగు లాభము ఇట్టిది.

సవరల ఆచారములు, పండుగలు, నమ్మకములు కూడ ఆయన సేకరించెను. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అను దొర దక్షిణ భారతదేశపు కులములను తెగలను గూర్చి ఏడు సంపుటముల గ్రంథమును ప్రకటించినప్పుడు, సవరలను గూర్చిన భాగమునకు రామమూర్తి తెలిపిన విషయములే పెక్కు తావుల ఆధారములయ్యెను.

భాష చేతికి వచ్చిన తరువాతనే ఆయన బడుల సంగతి తలపెట్టెను. సవర భాషలో వాచకములు వ్రాసెను. కథలు, పాటలు సేకరించి పుస్తకములుగా కూర్చెను. సొంత ధనముతో సవర పల్లెలలో బడులు పెట్టించి, ఉపాధ్యాయుల జీతములు తానే చెల్లించెను. పిల్లలకు చదువు వారి మాటలోనే మొదలయ్యెను. ఈ పనికి ప్రభుత్వమువారి ఆజ్ఞ లేదు, ధనికుల విరాళము లేదు. పెద్ద జీతమేమియు లేని ఒక బడిపంతులు తన కుటుంబమునకు చెందవలసిన సొమ్ములో కొంత తీసి కొండమీది పిల్లల కొరకు వెచ్చించుచుండెను.

1911లో మదరాసు ప్రభుత్వమువారు ఆయన వ్రాసిన సవర పుస్తకములకు పారితోషికము ఇయ్యజూపిరి. ఆయన ఆ సొమ్ము తనకు వలదని, దానితో సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పు మంచి బడిని పెట్టింపుమని కోరెను. ప్రభుత్వమువారు అందుకు సమ్మతించిరి. 1913లో ఆయనకు రావు బహదూరు బిరుదమును ఇచ్చిరి.

ఇదే కాలమున దూరదేశమైన ఇటలీలో మేరియా మాంటిసోరి అను వైద్యురాలు వేరొక త్రోవన ఇదే నిర్ణయమునకు వచ్చుట గమనింపదగినది. ఆమె 1896లో వైద్యపట్టము పొంది రోము నగరమున మానసిక చికిత్సాలయములో పనిచేసెను. అచ్చట బుద్ధిమాంద్యము గల పిల్లలను ఏమియు చేయించక గదులలో కూర్చుండబెట్టి యుంచుట చూచి ఆమె కలత చెందెను. ఫ్రాన్సుదేశమున ఇటార్, సెగ్వె అను వైద్యులు అంతకు పూర్వము అట్టి పిల్లలతో పనిచేసి వ్రాసిన గ్రంథములను ఆమె శ్రద్ధగా చదివెను. పిల్లలను దినదినము కనిపెట్టి చూచి, వారి చేతులకు కన్నులకు పని కల్పించు సాధనములను తయారుచేసెను. 1900లో రోములో అట్టి పిల్లల ఉపాధ్యాయులను సిద్ధపరచు విద్యాలయము వెలసినప్పుడు దాని నిర్వాహకులలో ఆమె ఒకతె. పిల్లలకు పాఠము చెప్పుటయు, వారిని పరిశీలించుటయు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుటయు అచ్చట ఒకే కప్పు క్రింద జరిగెను. సవర పిల్లలు బుద్ధిమాంద్యము గలవారు కారు. ఐనను సామాన్యమైన బడి వారికి పనికిరాలేదు. ఆ పిల్లలకును పనికిరాలేదు. రెండు చోట్లను పిల్లవానిని నిందించుట మాని మొదట పిల్లవానిని తెలిసికొనుడని చెప్పినవారు కావలసివచ్చిరి. ఇట్టి పిల్లల విద్యకు పరిశోధనను, ఉపాధ్యాయ శిక్షణను జతపరచిన జాతీయ సంస్థ యొకటి 1984లో సికింద్రాబాదులో నెలకొన్నది. కాని రామమూర్తికి ఇట్టి సంస్థ ఏదియు తోడు లేదు. ఆయన ఇల్లే ఆయన సంస్థ.

ఆయన కృషికి ఆయన చెల్లించిన మూల్యము గొప్పది. సవరల పలుకుబడులు ఊరూరికి కొంత మారును. వాటిని సరిచూచుకొనుటకు పంతులు కొండలలో, అడవులలో తిరుగుచుండెను. ఆ కొండలు మలేరియా జ్వరమునకు పుట్టినిండ్లు. ఆయన ఆ జ్వరము పాలయ్యెను. నాడు దానికి ఔషధము క్వయినా ఒక్కటే. క్వయినా మోతాదు మించినచో చెవిలోని నరమును దెబ్బతీయును. జ్వరము తగ్గెను గాని రామమూర్తి వినికిడి పోయెను. అది తిరిగి రాలేదు.

చరిత్రకారుడైనచో చెవి పోయినను కన్నులతో చదువుకొనవచ్చును. రామమూర్తి చేపట్టిన భాషకు గ్రంథము లేదు. అది నోట పుట్టి చెవిని చేరునంతవరకే ఉండెడిది. గొంతులో ఆగిన గాలి నిలుపుదలను పట్టుకొనవలసిన చెవియే ఆయనకు లేకపోయెను. ఇట్టి దురవస్థలో ఎవరైనను ఆ పని విడిచినచో లోకము తప్పుపట్టదు. ఆయన విడువలేదు. అంతకు పూర్వము విని వ్రాసికొన్న కట్టలకొలది కాగితములు ఆయన యొద్ద నుండెను. ఆయన కుమారుడు సీతాపతి సవర భాష నేర్చి తండ్రికి కుడిభుజముగా నిలిచెను. వినలేని తండ్రికి వినగలిగిన కొడుకు తోడగుటచే పరిశోధన ఆగలేదు. ఆ శాస్త్రమునకు కావలసిన పద్ధతిని తెలిసికొనుటకు పంతులు పాశ్చాత్య భాషాశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని తనంత తాను చదివెను.

ముప్పదియేండ్ల సేవ తరువాత 1911లో ఆయన ఉద్యోగమునుండి విరమించెను. అంతకు కొలది ఏండ్ల ముందే, 1906 ప్రాంతమున, జె.ఏ. యేట్స్ అను ఆంగ్లేయుడు విశాఖపట్టణ ప్రాంతమునకు పాఠశాలల తనిఖీ అధికారియై వచ్చియుండెను. బడులలో తెలుగు బోధించు పద్ధతి ఆయనకు వింతగా తోచెను. పిల్లలు మాటలాడెడు తెలుగు ఒకటి, పుస్తకములోని తెలుగు మరియొకటి. ఉపాధ్యాయుడు పాఠకాలమంతయు ఒకదానిని రెండవదానిలోనికి మార్చుటతోనే గడుపుచుండెను. ఈ విషయమున ఆయన సందేహములు రామమూర్తి యొద్దకును, గురజాడ యొద్దకును చేరెను. సవర పిల్లవాని చిక్కును ఎన్నో ఏండ్లుగా ఎరిగిన రామమూర్తికి తెలుగు పిల్లవాని చిక్కు ఇట్టె బోధపడెను. కొండమీద ఉన్న దూరమే బల్లమీదను ఉన్నదని ఆయన గ్రహించెను. వ్యావహారిక భాషోద్యమము ఇట్లు బడిలో పుట్టినది. ఉపాధ్యాయుల సభలలో పెరిగినది. తరువాత పండితులు దానిని కావ్యభాషను గూర్చిన కలహముగా మార్చిరి గాని, రామమూర్తి మనస్సులో అది తుదివరకు పాఠము చెప్పువాని సమస్యయే.

ఆ కలహ వృత్తాంతము పెద్దది. ఇచ్చట విస్తరింప నవసరము లేదు. ఆయన శాసనములను, ప్రాచీన గ్రంథములను గాలించి ప్రయోగములను పోగుచేసెను. 1913లో ఆధునిక తెలుగును గూర్చి ఆంగ్లమున ఒక విజ్ఞాపనము ప్రకటించెను. 1919లో తెలుగు అను మాసపత్రికను నడిపెను. ప్రత్యర్థులు సభలలో ఏమి ఎగతాళి చేసిరో ఆయనకు వినబడియుండదు. ఈ ఒక్క విషయమున మాత్రము చెవుడు ఆయనకు మేలు చేసినదని చెప్పవచ్చును. ఉద్యమము ఆయన జీవితకాలమున పాఠ్యపుస్తకములలో జయము పొందలేదు.

తెలుగు కొరకు ఇంత పోరాడుచును ఆయన సవరమును మరువలేదు. 1931లో ఆయన రచించిన సవర భాషా వ్యాకరణమును మదరాసు ప్రభుత్వమువారు అచ్చువేయించిరి. ఆంగ్లమునుండి సవరమునకు అర్థములు చెప్పు నిఘంటువు 1933లోను, సవరమునుండి ఆంగ్లమునకు చెప్పునది 1938లోను వెలువడెను. మొదటి మాట నేర్చిన నాటినుండి తుది నిఘంటువు అచ్చగు నాటికి నలువది ఏండ్లకు పైగా గడచెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదు. ఆ వ్యాకరణము, ఆ నిఘంటువులు చేతనున్నచో క్రొత్తగా కొండ ఎక్కు ఉపాధ్యాయుడు, వైద్యుడు, అధికారి ఎవరైనను ఒకరి దయకు కాచుకొనక సవరము నేర్చుకొనవచ్చును. రామమూర్తికి అట్టి పుస్తకము లేకపోయెను, తరువాతివారికి ఉండెను. నేటికిని ముండా భాషలను పరిశోధించు పండితులు ఆ గ్రంథములను తిరుగవేయుచునే యున్నారు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడెను. పర్లాకిమిడి అందులో చేరెను. తెలుగువారు పెక్కుమంది ఉన్న ఆ పట్టణమును ఒరిస్సాలో చేర్చుట తగదని రామమూర్తి వాదించియుండెను. ఆ వాదము చెల్లకపోగా, ఏబదియారేండ్లు నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. పదునేడవయేట వచ్చి చేరిన ఊరది. తాను పాఠము చెప్పిన బడి, సవర భాష నేర్చిన ఇల్లు అచ్చటనే యుండెను. డెబ్బది దాటిన వయస్సులో, చెవి వినబడని స్థితిలో, కాగితపు కట్టలతో క్రొత్త ఊరు చేరుట ఎంత కష్టమో పెద్దవారి ఇండ్లలో పెరిగిన పిల్లలు ఊహింపగలరు.

ప్రభుత్వమువారు ఆయనకు కైజర్-ఇ-హింద్ పతకమును ఇచ్చిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించిరి.

1939 చివర మేరియా మాంటిసోరి మదరాసునకు వచ్చి అడయారులో దివ్యజ్ఞాన సమాజమువారి తోటలో ఉపాధ్యాయులకు శిక్షణ నారంభించెను. యుద్ధకారణమున ఆమె కొన్ని సంవత్సరములు ఈ దేశముననే నిలిచిపోయి పెక్కుమంది ఉపాధ్యాయులను సిద్ధపరచెను. ఆమె అడయారు చేరునాటికి రామమూర్తి జీవితమున కొలది వారములు మాత్రమే మిగిలియుండెను. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన ఆయన మరణించెను.

ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. ఆనాటి సభలలో వక్తలు వ్యావహారికోద్యమమును విరివిగా కొనియాడుదురు. సవరల ప్రసక్తి వచ్చినచో ఒక వాక్యముతో ముగింతురు. ఐనను ఆయన పెట్టిన విత్తనము వేరొక చోట మొలకెత్తినది. 2004 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు గిరిజన పిల్లలకు వారి మాతృభాషలో చదువు ప్రారంభింపదలచి సవర, కోయ, లంబాడీ మొదలగు భాషలలో వాచకములు తయారుచేయించిరి. ఆ భాషలు తెలిసిన గిరిజనులను కూర్చుండబెట్టి, వారి పాటలను, కథలను, వస్తువుల పేర్లను సేకరించి, తెలుగు లిపిలో ఆ పుస్తకములను కూర్చిరి. సీతంపేట కొండలలోని కొన్ని బడులలో ఒకటవ తరగతి సవర పిల్లలు మొదటి దినమున పుస్తకము తెరచి, తమ ఇంటిలోని మాటను తామే చదివిరి.